బోన్‌కని బయల్దేరి బారువకు

"ద్రాచ్చసారా కొట్లు సూడ్డానికి ఇమానం ఎక్కాలేటమ్మా?" అని మా మావయ్యగారు అడిగేసరికి ఆ ప్రయాణం లెక్కల్లో నేను మునిగి మూడు నెలలైంది. వంటింటి గోడకు ఫ్రాన్స్ పటం, దాని మీద డిజోన్ నుంచి కిందికి ఎర్ర పెన్సిల్ గీత, గీత పొడవునా ఊళ్ల పేర్లు. ఆయనకు ఎనభై దాటాయి. తాటిచెట్టు కింద లొట్టి పట్టుకుని నిలబడితే దొరికేదానికి అంత దూరం ఎందుకన్నది ఆయన అనుమానం. నాకు నవ్వొచ్చింది. ఆ ప్రశ్నను అప్పుడే కాస్త పట్టించుకుని ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మాది కోటబొమ్మాళి. సినిమా వచ్చాక ఊరి పేరు చెబితే చాలు, "ఆ పోలీస్ స్టేషనేనా?" అంటున్నారు. నేను బడిపంతులమ్మను, మా ఆయనది ఎరువుల కొట్టు. ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు మండలంలో అత్తవారి వాటాగా మూడెకరాల జీడి, కొబ్బరి తోట ఉంది. మా అమ్మాయి డిజోన్‌లో చదువుకుంటోంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం, ఫీజు తక్కువ. అప్పు చేయకుండా నా జీపీఎఫ్‌లోంచి కొంత తీసి సర్దాం. పిల్ల చదువు ముగిసేలోగా ఒకసారి వెళ్లి ఆ ద్రాక్షతోటల ఊళ్లు చూసి రావాలని కోరిక నాది. మా ఆయన వద్దనలేదు. ఆయన వద్దనని పనులే మా ఇంట్లో ఎక్కువ ఖర్చు తెస్తాయి.

డబ్బు ఎక్కడిదో ముందు చెప్పాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా తోటలో నూట నలభై కొబ్బరి చెట్లు ఉండేవి, తెల్లారి లెక్కపెడితే అరవై నిలబడ్డాయి. జీడి చెట్లు వేళ్లతో సహా పడుకున్నాయి. కొబ్బరి మొక్క కాపుకొచ్చి ఇంత కాయ చేతికివ్వాలంటే ఆరేడేళ్లు. చెట్టంటే బ్యాంకులో డిపాజిట్ లాంటిదని ఉద్దానంలో పుట్టినవాళ్లందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. ఒక్క రాత్రి గాలికి అసలే పోయే డిపాజిట్ అది. ఆ డిసెంబరులో పోస్టాఫీసులో నెలకు ఐదు వేల చొప్పున ఐదేళ్ల ఆర్డీ తెరిచాను. అప్పట్లో వడ్డీ 7.3 శాతం. ఆ తర్వాత రేట్లు బాగా పడిపోయినా, మొదలుపెట్టిన రోజున్న రేటే చివరిదాకా నడిచింది. 2023 డిసెంబరుకి చేతికొచ్చింది మూడు లక్షల అరవై రెండు వేల చిల్లర. కట్టింది మూడు లక్షలే. తోటకు దన్నుగా ఉంటుందని మొదలుపెట్టిన డబ్బు అది. తోట దాని అవసరం లేకుండానే మెల్లగా కోలుకుంది. ఇక ఆ డబ్బు నాదే అన్న భావం నాలో ఎప్పుడు చొరబడిందో చెప్పలేను.

ఇంకో డబ్బు ఉంది, దాని జోలికి వెళ్లం. మా మరిదికి కిడ్నీ జబ్బు. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. నీళ్లా, మందులా, ఎండలో పనా, కారణం ఇదీ అని ఇన్నేళ్లుగా తేలని జబ్బు. 2023 డిసెంబరు 14న పలాసలో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. అంతకుముందు ఏ తేడా వచ్చినా విశాఖ పరుగెత్తాల్సిందే. అందుకని ఇంట్లో రెండు లక్షలు విడిగా, పాస్‌బుక్కు కూడా విడిగా, మా మావయ్యగారి ట్రంకుపెట్టెలో ఉంటాయి. ఆ డబ్బును ఏ లెక్కలోనూ కలపకూడదన్నది మా ఇంటి చట్టం. ఎన్నో నియమాలు తప్పాను గానీ దాన్ని తప్పలేదు.

ఇక దారి సంగతి. విశాఖలో ఒక ట్రావెల్ సంస్థ వాళ్లు ఫ్రాన్స్, స్విట్జర్లాండ్ కలిపి ఎనిమిది రోజులకు మనిషికి రెండు లక్షల అరవై వేలన్నారు. దాని మీద అప్పట్లో ఐదు శాతం టీసీఎస్ పన్ను, అంటే ఇద్దరికీ ఇరవై ఆరు వేలు ముందే కట్టాలి. అది పోయే డబ్బు కాదు, రిటర్నులో చూపిస్తే సర్దుబాటవుతుంది. కానీ ఏడాది దాకా మన చేతిలో ఉండదు. పైగా వాళ్ల జాబితాలో పల్లెటూళ్లే లేవు. ఈఫిల్ టవరు, మంచు కొండ, చాక్లెట్ల కార్ఖానా. నాకు కావలసింది ఆ ద్రాక్షతోటల సీమ, బుర్గుండి. డిజోన్ నుంచి బోన్ వరకు చిన్న రైలు నడుస్తుంది. జెవ్రే-షాంబెర్టాన్, వూజో, న్యూయి-సాన్-జోర్జ్ అని ఆగుకుంటూ వెళుతుంది. మన పాసింజరు కోటబొమ్మాళి, నౌపడ, పూండి అని ఆగుకుంటూ పలాస పోయినట్టే. కారు అద్దెకు తీసుకుంటే అంతర్జాతీయ లైసెన్సు, టోలు, ఎదురు వైపు నడక. పైగా రుచి చూసినవాడు బండి నడపకూడదు. రైలే మేలని తేల్చాను.

ఆ ఊళ్ల గురించి చదువుతుంటే అవి పరాయి ఊళ్లలా అనిపించలేదు. రొమానే-కోంటి అని ఒక తోట ఉంది. ప్రపంచంలో అత్యంత ఖరీదైన వైన్లలో ఒకటి అక్కడే పుడుతుంది. దాని విస్తీర్ణం రెండు హెక్టార్లు కూడా లేదు, మన లెక్కలో నాలుగున్నర ఎకరాలు. మా తోట కంటే ఎకరంన్నరే ఎక్కువ! వూజోలో రాతిగోడ కట్టిన తోట ఒకటి, నూట పాతిక ఎకరాలు. ఒకప్పుడు సీతో మఠం సన్యాసులది. ఫ్రెంచి విప్లవంలో వాళ్ల చేయి దాటింది, 1889లో ముక్కలుగా అమ్ముడైంది. అమ్మకాలు, వారసత్వపు పంపకాలు సాగి సాగి ఇప్పుడు ఆ ఒక్క గోడ లోపల ఎనభై మంది దాకా యజమానులు. కొందరికి నాలుగైదు సాళ్లే. అది చదివి మా ఆయనకు చెబితే, "అయితే మన తాతల నాటి తోటే" అన్నారు. ఆయన తాతగారి పన్నెండెకరాలు మూడు తరాల్లో ఎన్ని ముక్కలైందో చెప్పాలంటే ఆయనే వేళ్లు మడవాలి. తేడా ఏమిటంటే, అక్కడ నాలుగు సాళ్లవాడు కూడా సీసా మీద ఆ గోడ పేరు వేసుకుంటాడు. ఇక్కడ మూడెకరాలవాడి జీడిపిక్క గోనెసంచిలోకి వెళ్లాక ఎవరి తోటదో దేవుడికే తెలియాలి.

బోన్‌లో నేను అన్నిటికంటే ముందు చూడాలనుకున్నది ఆసుపత్రి. 1443లో నికోలా రోలాన్ అనే మంత్రి పేదల కోసం కట్టించాడు. దాతలు రాసిచ్చిన ద్రాక్షతోటల మీద వచ్చే ఆదాయం దానికి ఆధారం. 1859 నుంచి ఏటా నవంబరులో ఆ వైన్ వేలం వేస్తున్నారు. పంట ఆసుపత్రిని పోషించడం! డయాలసిస్ ఉన్న ఇంటి కోడలికి ఆ మాట ఎలా వినిపిస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

పుస్తకంలో రాసుకున్న ఖర్చు ఇది. ఇద్దరికీ విమానం లక్షా ఇరవై నాలుగు వేలు. వీసా రుసుము 2024 జూన్‌లోనే 80 నుంచి 90 యూరోలకు పెంచారు, దరఖాస్తు కేంద్రం వాళ్ల చార్జీలూ హైదరాబాదు రానుపోనూ కలిపి ఇరవై వేలు. ప్రయాణ బీమా నాలుగు వేలు. వీసాకు కనీసం 30,000 యూరోల రక్షణ ఉండాలంటారు గానీ ప్రీమియం చూస్తే అంత భయపడనక్కర్లేదు. అమ్మాయి గదిలో ఇద్దరు అదనపు మనుషులు పట్టరు కనుక బోన్‌లో వంటిల్లున్న చిన్న ఇల్లు ఏడు రాత్రులకు నలభై తొమ్మిది వేలు. అక్కడి రైళ్లకు ఇరవై రెండు వేలు. తిండికి నలభై రెండు వేలు, అదీ పచ్చళ్లూ పొడులూ ఇక్కడినుంచి మోస్తేనే. సెల్లార్లూ, టికెట్లూ పదిహేను వేలు, పైచిల్లరకు ముప్పై వేలు. మొత్తం మూడు లక్షల ఆరు వేలు. కార్డు గీకితే మూడున్నర శాతం దాకా పైన పడుతుందని తెలిసి ఫారెక్స్ కార్డు అనుకున్నాను. అక్కడ యంత్రం "రూపాయల్లో కడతారా, యూరోల్లోనా?" అని అడిగితే యూరోల్లోనే అనాలని అమ్మాయికి నేనే పాఠం చెప్పాను. ఇన్ని చిన్న చిల్లులకు మాట్లు వేసుకున్నదాన్ని, పెద్ద గండి కొట్టుకున్నది కూడా నేనే.

ఆగస్టులో ఒక రాత్రి టికెట్ల ధర తగ్గింది. రెండు రకాలున్నాయి. రద్దు చేస్తే చాలావరకు వెనక్కి వచ్చే రకం, మనిషికి తొమ్మిది వేలు ఎక్కువ. రద్దు చేస్తే రాని రకం, చవక. ఇద్దరి మీద పద్దెనిమిది వేలు మిగుల్తాయి కదా అని చవకది కొట్టేశాను. వీసా లేదు. వీసాకు అపాయింట్‌మెంట్ లేదు. అపాయింట్‌మెంట్ దాకా ఎందుకు, విదేశాలకు వెళ్లడానికి ప్రభుత్వోద్యోగికి కావలసిన అనుమతి కాగితమే ఇంకా రాలేదు. దసరా సెలవులు చేతిలో ఉన్నాయి, డబ్బు ఉంది, పిల్ల ఎదురుచూస్తోంది, ఇంకేం అడ్డం అనుకున్నాను.

పైగా ఖాతాలో డబ్బు కనబడాలని, ఆర్డీ డబ్బుతో వేసిన ఏడాది డిపాజిట్‌ను ఎనిమిదో నెలలో విరిచాను. ఐదు వేల దాకా వడ్డీ పోయింది. మూడు లక్షల అరవై వేలు ఒక్కసారిగా పొదుపు ఖాతాలో వచ్చి పడితే వీసావాళ్లు అనుమానంగా చూస్తారనీ, డిపాజిట్ రసీదునే చూపించినా సరిపోయేదనీ తర్వాత తెలిసింది. అది తెలిసేసరికి అపాయింట్‌మెంట్ దొరికే గడువే దాటిపోయింది. నా ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకి నడిచి నడిచి, సంతకమై వచ్చేసరికి ప్రయాణానికి పన్నెండు రోజులుంది. బల్లల వాళ్లను అని లాభం లేదు. ఫైళ్లు ఎంత వేగంగా నడుస్తాయో ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో నాకు తెలియనిది కాదు.

లక్షా ఇరవై నాలుగు వేలల్లో పన్నుల కింద కట్టిన ఇరవై ఒక్క వేలు వెనక్కి వచ్చాయి. లక్షా మూడు వేలు పోయాయి. బోన్‌లో ఇల్లు మాత్రం ముందురోజు వరకు ఉచితంగా రద్దు చేసుకునే షరతు మీద తీసుకున్నాను, దాని మీద పైసా పోలేదు. ఒకే మనిషి, ఒకే వారంలో, ఒకచోట అంత తెలివిగా, ఒకచోట ఇంత తెలివితక్కువగా ఎలా ఉందో నాకే అర్థం కాదు. ఇంటి అద్దె యూరోల్లో ఉంది కనుక భయపడ్డాను, విమానం రూపాయల్లో ఉంది కనుక ధైర్యపడ్డాను అనుకుంటా. ఆ పద్దెనిమిది వేలు నాకు తగ్గింపులా కనిపించాయి. నిజానికవి బీమా ప్రీమియం. తిత్లీకి ముందు మా తోటకు బీమా లేదు. తర్వాత ఆర్డీ కట్టడం నేర్చుకున్నాను గానీ, టికెట్టు కూడా ఒక చెట్టేనని తోచలేదు.

మా మావయ్యగారికి రూపాయల్లో చెబితే ఎక్కలేదు. తోటలో కాయ పన్నెండు రూపాయలకు పోతున్న రోజులు. మా ఆయన లెక్కేశారు, ఎనిమిదిన్నర వేల కాయలు. అరవై చెట్లు, చెట్టుకు ఏడాదికి ఎనభై. దగ్గర దగ్గర రెండేళ్ల కాపు. "ఓలమ్మో" అన్నారాయన. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

సెలవులు మాత్రం వచ్చేశాయి. ఇంట్లో కూర్చుంటే టికెట్ల గురించే మాట్లాడుకుంటామని, అదే పుస్తకంలో వెనక పేజీలో ఇంకో దారి గీశాం. ఉద్దానమన్న పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. తోటలే చూడాలంటే మన తోటలేం తక్కువ అని మా ఆయన వాదన. పాత మారుతిలో ఐదు రోజులు తిరిగాం. రావివలసలో పైకప్పు లేని ఎండల మల్లికార్జునుడు. తేలినీలాపురంలో గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ అప్పుడప్పుడే దిగుతున్నాయి, ఊరి చెట్ల మీదే కాపురం. నౌపడ ఉప్పు మడులు వానలకు నిండి అద్దాల్లా ఉన్నాయి. భావనపాడు, అక్కుపల్లి, పలాస, మందస, బారువ, చివరికి ఇచ్ఛాపురం. పెట్రోలు రెండు వేల ఆరు వందలు, లాడ్జిలు మూడు రాత్రులకు నాలుగు వేల రెండు వందలు, తిండి పంతొమ్మిది వందలు, మందస కోవా రెండు వందల నలభై. మొత్తం ఎనిమిది వేల తొమ్మిది వందల నలభై.

ఇది చదివి, చూశారా ఫ్రాన్స్ కంటే మన ఊరే చవకా అందమూ అంటున్నానని అనుకోకండి. అలా అనను. చవకగా ఎందుకైందంటే, ఖర్చుపెట్టడానికి చోటు లేక. అంత తోటల మధ్య తిరిగితే, తోట ముందు ఒక బల్ల వేసుకుని, ఇది మా పంట, రుచి చూడండి, ఇంత అని అమ్మినవాళ్లు మాకు ఒక్కరూ తగల్లేదు. జీడిపండు సంగతే చూడండి. గోవాలో దాన్ని పిండి ఫెనీ కాస్తారు, 2009లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన దగ్గర పిక్క గిల్లి పండును చెట్టు కిందే పారేస్తాం. వేసవిలో ఉద్దానం తోటల్లో ఆ పులిసిన తీపి వాసన ముక్కుకు తగలని పిల్లలుండరు. ఆ వాసనకు ఇంతవరకు ఎవరూ ధర కట్టలేదు.

బారువలో ఒక సాయంత్రం సముద్రం ముందు కూర్చుని ఈ సంగతే మాట్లాడుకున్నాం. గౌతు లచ్చన్న పుట్టిన ఊరు అది. కల్లుగీత కార్మికుల కోసం పోరాడిన మనిషి. మద్యనిషేధం మీద మొదలైన గొడవతోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం పడిపోయింది. సరిగ్గా అదే నెల మొదటి తేదీన ఫ్రెంచివాళ్లు పుదుచ్చేరితో పాటు యానాం పాలన కూడా భారతదేశానికి అప్పగించారు. వైన్ తాగే దొరలు తెలుగునేల అప్పగించిన వారంలోనే, కల్లు కోసం తెలుగు ప్రభుత్వం ఒకటి కూలింది. చరిత్ర పాఠంలో ఈ రెండూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి, నేనే ఎన్నోసార్లు వేర్వేరుగా చెప్పాను.

ఆ ప్రయాణంలో చేతికొచ్చిన లెక్క ఒకటుంది. జీడి పిక్కలు ఎనభై కిలోల బస్తా లెక్కన అమ్ముతాం. ఆ వేసవి మాకు పలికింది బస్తాకు తొమ్మిది వేల రెండు వందలు. బస్తాకు పదహారు వేలు ఇవ్వాలని రైతులు రోడ్డెక్కడం మాకు కొత్త కాదు. పలాసలో తెలిసినవాళ్ల బట్టీకి వెళ్లి కూర్చున్నాను. మంచి పిక్కైతే బస్తాకు ఇరవై కిలోలకు అటూ ఇటూగా పప్పు. కిలో ఏడు వందల యాభై అనుకున్నా పదిహేను వేలు. నడుమ ఐదు వేల ఎనిమిది వందలు. ఇదంతా దళారి తింటున్నాడని అనేసేదాన్నే, అక్కడ కూర్చోకపోతే. ఉడకబెట్టాలి, ఒక్కో పిక్కా కొట్టాలి, ఆరబెట్టాలి, పొట్టు తీయాలి, గుళ్లూ బద్దలూ ముక్కలూ వేరు చేయాలి. పౌనుకు మూడు వందల ఇరవై గుళ్లు తూగేదొక రకం, రెండు వందల పది తూగేది ఇంకో రకం. పొట్టు తీసేది ఆడవాళ్లే. జీడి రసానికి వాళ్ల వేళ్ల కొసలు నల్లబడి ఉన్నాయి. ఆ ఐదు వేల ఎనిమిది వందల్లో వాళ్ల వాటా ఎంతో అడిగితే బట్టీ యజమాని మాట మార్చాడు.

మరుసటి వేసవి మూడు బస్తాలు అమ్మకుండా కూలి ఇచ్చి పప్పు చేయించాను. ఇరవై కాదు, పదిహేడున్నర కిలోలే వచ్చింది బస్తాకు. బద్దలు ఎక్కువ. స్టాఫ్‌రూమ్‌లోనూ, హైదరాబాదు చుట్టాలకూ అమ్మాను. సంచి మీద మా తోట ఉన్న ఊరి పేరు రాశాను, అదొక సరదా. కూలీ రవాణా పోగా, పిక్కలుగా అమ్మి ఉంటే వచ్చే దానికంటే బస్తాకు రెండు వేల ఏడు వందలు ఎక్కువ మిగిలింది. మూడు బస్తాలకు ఎనిమిది వేల నూరు. ఈ లెక్కన పోయిన లక్షా మూడు వేలు రావడానికి పన్నెండేళ్లు పైనే పడుతుందని మా ఆయన గుర్తుచేశారు. ఇద్దరు చుట్టాలు ఇప్పటికీ డబ్బివ్వలేదు, అది ఆయన లెక్కలో లేదు.

అమ్మాయి చదువు ఇంకో ఏడాది ఉంది. మొన్న వీడియో కాల్‌లో బోన్ ఆసుపత్రి రంగురంగుల పెంకుల కప్పు చూపించింది. "అమ్మా, లోపలికి టికెట్ కొన్నాను, చూపించనా?" అంటే వద్దన్నాను. ఈసారి అనుమతి కోసం అర్జీ ఏప్రిల్‌లోనే పెట్టాను. ఫైలు రెండో బల్ల మీద ఉంది. డిపాజిట్ విరవలేదు, రసీదు జిరాక్సు తీయించి ఉంచాను. ట్రంకుపెట్టెలో పాస్‌బుక్కు ఉందో లేదో మావయ్యగారు ఈమధ్య రోజూ చూసుకుంటున్నారు. టికెట్ల ధర నేనూ రోజూ చూస్తున్నాను. నిన్న రాత్రి నాలుగు వేలు తగ్గింది. కొనలేదు.